లులూ బెల్: రికార్డుల లెక్కకు అందని రేడియో రాణి

1936లో రేడియో గైడ్ అనే అమెరికన్ వారపత్రిక పాఠకుల చేత ఓట్లు వేయించి, రేడియోలో అందరికన్నా ఎక్కువ అభిమానులున్న మహిళ ఎవరో తేల్చింది. అప్పటికి న్యూయార్క్ నెట్‌వర్కుల్లో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలతో పాడే గాయనులున్నారు, రేడియో నాటకాలు వేసే సినిమా తారలున్నారు. వాళ్లందరినీ దాటి గెలిచింది చికాగోలో శనివారం రాత్రి పల్లెపాటల కార్యక్రమంలో పాడుతూ అల్లరి చేసే ఇరవై రెండేళ్ల అమ్మాయి. రేడియోలో ఆమె పేరు లులూ బెల్. ఇంట్లో పెట్టిన పేరు మర్టిల్ ఎలినార్ కూపర్.

ఈరోజు కంట్రీ సంగీతంలో, అంటే అమెరికా పల్లెపాటల సంప్రదాయంలో, ఆడవాళ్ల గురించి ఎవరైనా రాస్తే ప్యాట్సీ క్లైన్, లొరెట్టా లిన్, డాలీ పార్టన్‌లతో మొదలుపెడతారు. ఇంకాస్త వెనక్కి వెళ్లే ఓపిక ఉన్నవాళ్లు కార్టర్ కుటుంబాన్ని, ప్యాట్సీ మోంటానాను తలుచుకుంటారు. లులూ బెల్ మాట రాదు. ఆ సంగీతంలో గొప్పవాళ్లను ఎన్నుకుని గౌరవించే నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2025 వరకూ ఆమెకు చోటు దొరకలేదు. ఆమె పక్కన జంటగా పాడిన రెడ్ ఫోలీకి 1967లోనే దొరికింది. ఆమె పాడిన చికాగో స్టేషన్‌లోనే పాడిన జీన్ ఆట్రీకి 1969లో దొరికింది.

ఆమె ప్రతిభలో లోటుండి ఇలా జరిగిందని నేను అనుకోను. కంట్రీ సంగీత చరిత్రను మొదటినుంచీ రికార్డుల అమ్మకాలతో తూచారు. ఎన్ని రికార్డులు అమ్ముడుపోయాయి, ఏ పాట ఎన్నో స్థానానికి ఎక్కింది అనేదే కొలత. లులూ బెల్ బతికింది రేడియోలో. రేడియోకు తన కొలతలు వేరే ఉండేవి: ఉత్తరాలు, టికెట్లు, డబ్బు పెట్టి గంటలు కొనుక్కున్న ప్రకటనదారులు. వాటితో తూస్తే 1930లలో ఆమెకు సాటి వచ్చే కంట్రీ కళాకారిణి కనిపించదు. ఆ కొలతలు పనిచేసిన తీరు తెలియకపోతే ఈ మాట ఉత్త అభిమానంలా వినిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగానే చెప్పాలి.

స్టేషనూ, శనివారం రాత్రీ

లులూ బెల్ పాడిన డబ్ల్యూఎల్ఎస్ చికాగో స్టేషన్. 1924 ఏప్రిల్ 12న మొదలైంది. పెట్టినవాళ్లు కేటలాగు పంపి టపాలో సరుకులు అమ్మే సియర్స్ రోబక్ కంపెనీవాళ్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద దుకాణం మాదేనని చెప్పుకునే ఇంగ్లిష్ నినాదంలోని మొదటి అక్షరాలే స్టేషన్ పేరయ్యాయి. మొదలైన వారానికే, ఏప్రిల్ 19 శనివారం రాత్రి, పాతకాలపు పల్లె నృత్యాల పాటలు ప్రసారం చేశారు. అదే తర్వాత నేషనల్ బార్న్ డాన్స్ అయింది. 1928లో ప్రెయిరీ ఫార్మర్ అనే రైతుల పత్రిక ఈ స్టేషన్‌ను కొనుక్కుంది. కాబట్టి లులూ బెల్ వచ్చేనాటికి ఇది పొలం ధరలు, వాతావరణం, పందుల మార్కెట్ రేట్లు చెప్పే రైతుల స్టేషన్. వినేవాళ్లెవరో స్టేషన్‌కు బాగా తెలుసు.

1932 మార్చిలో కార్యక్రమాన్ని స్టూడియోలోంచి ఎయిత్ స్ట్రీట్ థియేటర్‌కు మార్చారు. సుమారు 1,200 సీట్లు. పెద్దలకు 75 సెంట్లు, పిల్లలకు 35 సెంట్లు టికెట్. శనివారం రెండు ఆటలు. ఉచితంగా ఇంట్లో వినిపించే కార్యక్రమాన్ని చూడటానికి, ఆర్థిక మాంద్యం నడినెత్తిన ఉన్న రోజుల్లో, డబ్బిచ్చి లైన్లో నిలబడ్డారు జనం. 1957లో ఆ థియేటర్ వదిలేసేనాటికి టికెట్ కొన్నవాళ్లు పాతిక లక్షలు దాటారు. 1933 సెప్టెంబరు నుంచి ఇందులో ఒక గంటను ఆల్కా సెల్ట్జర్ మాత్రలు అమ్మే మైల్స్ కంపెనీ కొనుక్కుని ఎన్‌బీసీ నెట్‌వర్క్ మీద దేశమంతా వినిపించింది. కడుపుబ్బరం మాత్రలకూ పల్లెపాటలకూ పొత్తు ఎలా కుదిరిందో గానీ, 1946 దాకా నడిచింది.

మర్టిల్ కూపర్ పుట్టింది 1913 డిసెంబరు 24న, నార్త్ కరొలైనా కొండల్లోని బూన్ ఊళ్లో. తండ్రి ఒకచోట నిలవని మనిషి. ఊళ్లు మారుతూ మారుతూ కుటుంబం చివరికి చికాగో పక్కనున్న ఇవాన్‌స్టన్ చేరింది. కూతురు పాడుతుందని తండ్రే డబ్ల్యూఎల్ఎస్‌కు తీసుకెళ్లాడు. మొదటి ఆడిషన్‌లో మైకు తట్టుకోలేనంత గట్టిగా పాడి నెగ్గలేకపోయిందని అంటారు. ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. ఆనాటి మైకు ముందు గట్టిగా పాడితే ఏమవుతుందో చూడాలి.

మైకు ముందు గొంతు

అప్పటికి స్టూడియోల్లో కార్బన్ మైకులు పోయి కండెన్సర్, రిబ్బన్ మైకులు వస్తున్నాయి. ఆర్‌సీఏ కంపెనీ 44 రకం రిబ్బన్ మైకు 1930ల మొదట్లో వచ్చి ఆ దశాబ్దపు రేడియోకు ముఖమైంది. దాని లోపల బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య మడతలు మడతలుగా ఒత్తిన అల్యూమినియం రేకు ఒకటి వేలాడుతుంది. మందం సుమారు రెండున్నర మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. దగ్గరికెళ్లి గట్టిగా ఊదితే రేకు సాగిపోతుంది, మైకు రిపేరుకు వెళ్తుంది. దగ్గరగా పాడితే మంద్రస్వరాలు ఉబ్బి, మాట బొంగురుగా వస్తుంది.

అసలు చిక్కు మైకు దాటాక ఉంది. ఏఎం ప్రసారంలో గొంతు ఎంత గట్టిదైతే పాటను మోసుకెళ్లే రేడియో తరంగం (క్యారియర్) ఎత్తు అంతగా మారుతుంది. ఆ మార్పు నూరు శాతం దాటితే తరంగం అడుగుభాగం తెగిపోతుంది. ఇంట్లో సెట్లో బరబరమని పలుకుతుంది, పక్క ఫ్రీక్వెన్సీల మీదికి కూడా చిమ్ముతుంది. అందుకే కంట్రోల్ గదిలో ఇంజనీరు మీటరు ముల్లు చూసుకుంటూ చేత్తో నాబ్ తిప్పుతుంటాడు. గాయని ఉన్నట్టుండి గొంతెత్తితే అతను నాబ్ తగ్గిస్తాడు. దాంతో వెనకనున్న గిటారు, ఫిడేలు కూడా కిందికి పోతాయి. మళ్లీ పెంచేలోపు ఒక చరణం పాడైపోతుంది. ఆ రోజుల్లో గాయకుల గొంతులు కలిపే మిక్సర్ ఇంజనీరు చేతిలో కన్నా గాయకుల పాదాల్లో ఎక్కువ ఉండేది. బహిరంగంలో మైకుకు దూరం రెట్టింపైతే గొంతు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. థియేటర్ గోడల మధ్య అంతకన్నా కొంచెం తక్కువే. అందుకని గట్టి గొంతువాళ్లు అడుగో రెండడుగులో వెనక నిలబడాలి, బాంజో ఇంకా వెనక, గిటారు కాస్త ముందు. మరీ వెనక్కి పోతే హాలు ప్రతిధ్వని, జనం దగ్గులు గొంతును మింగేస్తాయి. మాట చెప్పేటప్పుడు ముందుకు వంగాలి, గొంతెత్తే చోట వెనక్కి వాలాలి. ఇది రోజుల్లో ఒంటబట్టేది కాదు. చెడితే సరిదిద్దుకోవడానికి రెండో టేకు లేదు, అంతా ప్రత్యక్ష ప్రసారమే.

లులూ బెల్ ఆ విద్య నేర్చుకుంది, తన గట్టి గొంతును మాత్రం మెత్తబరుచుకోలేదు. అది ఆమె తీసుకున్న అతి తెలివైన నిర్ణయమని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ఆ గొంతు ఏ దారిలో ఎక్కడిదాకా వెళ్లిందో చూడాలి.

డబ్ల్యూఎల్ఎస్ 870 కిలోసైకిల్స్ (ఇప్పటి మాటలో కిలోహెర్ట్జ్) మీద, 50 వేల వాట్ల బలంతో ప్రసారమయ్యేది. (1941లో ఉత్తర అమెరికా అంతటా ఫ్రీక్వెన్సీలు సర్దినప్పుడు 890కి మారింది.) 1928లో అమెరికా ప్రభుత్వం నలభై ఫ్రీక్వెన్సీలను ‘క్లియర్ ఛానల్’ అని విడిగా పెట్టింది. అంటే రాత్రివేళ దేశంలో ఆ ఫ్రీక్వెన్సీ మీద ఒక్క ప్రసారమే ఉండాలి. వాటిలో ఇదొకటి. దీన్నే డబ్ల్యూఈఎన్ఆర్ అనే ఇంకో చికాగో స్టేషన్‌తో గంటల లెక్కన పంచుకోవాల్సి వచ్చేది. శనివారం రాత్రి మాత్రం డబ్ల్యూఎల్ఎస్ చేతిలో ఉండేది.

మీడియం వేవ్ పగలు నేలను అంటిపెట్టుకుని కొంతదూరమే వెళ్తుంది. పైకి పోయిన తరంగాన్ని వాతావరణంలోని డి పొర పీల్చేసుకుంటుంది. పొద్దుగూకితే డి పొర మాయమవుతుంది. పైకెళ్లిన తరంగం ఇంకా ఎత్తున ఉన్న పొరలకు తగిలి వందల మైళ్ల అవతల నేలకు దిగుతుంది. అందుకే చికాగో పాట రాత్రిపూట కొండల్లోని కెంటకీలో, నార్త్ కరొలైనాలో వినిపించేది. ఇందులో ఒక మెలిక ఉంది. నేల వెంట వచ్చిన తరంగమూ ఆకాశం నుంచి దిగినదీ దాదాపు సమానమయ్యే చోట రెండూ కొట్టుకుని, ధ్వని నిమిషానికోసారి పైకీ కిందికీ ఊగుతుంది, మధ్యలో గరగరలాడుతుంది. స్టేషన్‌కు వంద మైళ్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఈ బాధ ఎక్కువ. అంతకన్నా దూరంగా ఉన్నవాళ్లు రాత్రిళ్లు మెరుగ్గా వినేవారు.

అలా చేరిన ధ్వని ఇంట్లో చిన్న స్పీకర్లోంచి వచ్చేటప్పటికి మంద్రస్వరాలు ఉండవు, నాలుగైదు వేల సైకిల్స్ దాటినవీ ఉండవు. మిగిలేది మధ్యభాగమే. అక్కడ పిడుగుల చిటపటలు వేరే. మెత్తగా గుసగుసలాడే గొంతు ఈ వడపోతలో ఇంకిపోతుంది. ముక్కులోంచి సూటిగా వచ్చే కొండప్రాంతపు గొంతు, ప్రతి హల్లూ విడివిడిగా పలికే నోరు, దాటి బయటికొస్తుంది. లులూ బెల్ పాడే తీరును అప్పటి పట్నం విమర్శకులు మోటు అన్నారు. మీడియం వేవ్ మీద ఆ మోటుతనమే పనికొచ్చింది.

వినేవాళ్ల బ్యాటరీ

1935 ప్రాంతంలో అమెరికాలో పదింట ఒక పొలం ఇంటికి మాత్రమే కరెంటు ఉండేది. పల్లెలకు కరెంటు తీసుకెళ్లే ప్రభుత్వ సంస్థ ఆ ఏడాదే పుట్టింది. కాబట్టి లులూ బెల్‌ను వినే రైతు ఇంట్లో ఉన్నది బ్యాటరీ సెట్. దానికి మూడు రకాల బ్యాటరీలు కావాలి. వాల్వుల ఫిలమెంట్లు వెలగడానికి ‘ఎ’ బ్యాటరీ. అది రెండు వోల్టులదో ఆరు వోల్టులదో. సీసం, ఆమ్లం ఉన్న రకమైతే బండిలో పెట్టుకుని పట్నం గరాజుకు తీసుకెళ్లి ఛార్జి చేయించాలి. వాల్వుల్లోని ప్లేట్లకు ‘బి’ బ్యాటరీలు, 45 వోల్టుల డబ్బాలు రెండో మూడో వరసగా కలిపితే 90 లేక 135 వోల్టులు. ఇవి పొడి బ్యాటరీలు, అయిపోతే పారేసి కొత్తవి కొనడమే. వాల్వుల్లోనే ఉండే గ్రిడ్‌కు చిన్న ‘సి’ బ్యాటరీ. ‘బి’ బ్యాటరీ నీరసిస్తే ముందు దూరపు స్టేషన్లు పోతాయి, తర్వాత గొంతు చిట్లుతుంది, చివరికి మూగబోతుంది. వాటి ఖరీదే రేడియో పెట్టుకున్న రైతుకు అసలు బరువు. దాంతో ఇంట్లో ఏది వినాలో, ఎంతసేపు వినాలో కొలుచుకునేవారు. ఉదయం మార్కెట్ ధరలు, మధ్యాహ్నం వాతావరణం, ఆపైన శనివారం రాత్రికి దాచుకోవడం. చుట్టుపక్కలవాళ్లు కూడా అదే సెట్ చుట్టూ చేరేవారు.

పొదుపుగా వాడుకునే బ్యాటరీలో కొంత ఖర్చుపెట్టి ఒక గొంతు వినడానికి, కరెంటింట్లో ఏదో ఒకటి మోగుతుండటానికి చాలా తేడా ఉంది. శ్రోతల సంఖ్య లెక్కపెట్టినప్పుడు ఈ తేడా కనిపించదు. పైగా ఆ సంఖ్యనే తప్పుగా లెక్కపెట్టారు. 1930లో మొదలైన క్రాస్లీ సర్వే ముప్పైకి పైగా నగరాల్లో ఫోన్లు చేసి ‘నిన్న రేడియోలో ఏం విన్నారు’ అని అడిగేది. పల్లెలో ఫోన్ లేని బ్యాటరీ సెట్ ఇల్లు ఆ లెక్కలోకి రానేరాదు.

అందుకే ప్రకటనదారులు ఉత్తరాలను నమ్మారు. పద్ధతి ఇలా ఉండేది. కార్యక్రమంలో ఏదైనా ఒక చిన్న వస్తువు, అంటే కళాకారుల ఫొటో, పాటల పుస్తకం, విత్తనాల పొట్లం లాంటిది, పది సెంట్లకో సరుకు పెట్టె మీద కత్తిరించిన ముక్కకో పంపుతామని చెబుతారు. వచ్చిన కవర్లు విప్పి, నాణెం తీసి, పోస్టుమార్కులోని ఊరిని బట్టి కౌంటీల వారీగా గీతలు పెడతారు. ఆ అంకెలతో దేశపటానికి రంగు వేస్తారు. ఏ కౌంటీలో ఎంతమంది వింటున్నారో కాకపోయినా, ఎంతమంది స్టాంపు ఖర్చు పెట్టుకునేంతగా వింటున్నారో తెలుస్తుంది. డబ్ల్యూఎల్ఎస్‌కు 1930లలో కొన్నేళ్లు పది లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ఇందులోనూ లోపాలున్నాయి. ఒక్క ఇంటినుంచే నలుగురి పేరు మీద రాయొచ్చు, ఉచిత వస్తువు బాగుంటే కార్యక్రమం నచ్చకపోయినా రాస్తారు.

1936 ఓటింగుకూ అదే చెప్పాలి. పత్రిక కొని, ఓటు పంపించినవాళ్ల లెక్క అది. దేశం మొత్తానికి నమూనా అనుకోకూడదు. అభిమానులు పట్టుబట్టి ఎక్కువ ఓట్లు వేసి ఉంటారనే వాదన సబబే. కానీ అదే అవకాశం మిగతా తారల అభిమానులకూ ఉంది, వాళ్ల చేతిలో పెద్ద నెట్‌వర్కుల ప్రచారమూ ఉంది. ఉత్తరాలు, టికెట్లు, పదమూడేళ్ల నెట్‌వర్క్ ప్రకటన ఒప్పందం, ఈ ఓటు: ఒక్కొక్కటి విడిగా బలహీనమైన సాక్ష్యమే. నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు పట్టించుకోకపోవడం కుదరదు.

లులూ బెల్ అనే వేషం

ఈ పాత్రను ఆమెకు తొడిగింది జాన్ లెయిర్. కెంటకీ నుంచి వచ్చి డబ్ల్యూఎల్ఎస్‌లో పల్లెపాటల బృందాలను కూర్చిన నిర్వాహకుడు. మర్టిల్ పేరు లులూ బెల్‌గా మార్చి, జడలు వేయించి, కాలికో అనే ముతక నూలు గుడ్డ గౌను, కింద అంచులు కనపడే పాతకాలపు లాగు, ఎత్తు బూట్లు తొడిగించాడు. పాటలు, హాస్యం కలిపి ఊరూరా ఆడే వాడెవిల్ నాటకరంగంలో ఎల్వైరీ వీవర్ వేసే పల్లెటూరి గయ్యాళి పాత్ర దీనికి నమూనా. రెడ్ ఫోలీని ఆమెకు ప్రియుడిగా జోడించారు. ఫోలీ నిజజీవితంలో అదే స్టేషన్‌లో పాడే ఈవా ఓవర్‌స్టేక్‌ను పెళ్లాడాడు. స్టేజీ మీద లులూ బెల్, ఫోలీల జోడీ ఎక్కువకాలం నడవలేదు. ఫోలీ స్థానంలో స్కాటీ వైజ్‌మన్ వచ్చాడు. ఆమెలాగే నార్త్ కరొలైనా కొండలవాడు, కాలేజీ చదువు చదివినవాడు. 1934 డిసెంబరులో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. పెళ్లి, ఆ తర్వాత పాప లిండా లూ, అన్నీ కార్యక్రమంలో కలిసిపోయాయి. ఏటా స్టేషన్ అచ్చువేసి అమ్మే ఫ్యామిలీ ఆల్బమ్‌లో ఆ కుటుంబం ఫొటోలు వచ్చేవి. న్యాయపతి దంపతులను సొంత పేర్లతో కన్నా రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే గుర్తుపెట్టుకున్న తెలుగువాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

కొండప్రాంతపు జనాన్ని నవ్వులపాలు చేసే వేషం కదా అది, దాన్ని పొగడటమేమిటి అని ఒక అభ్యంతరం ఉంది. కొట్టిపారేయదగింది కాదు. పట్నం వ్యాపారం కొండవాళ్లను బొమ్మల్లా అమ్ముకుంది. లెయిర్ అదే కాలంలో లిండా పార్కర్ అనే ఇంకో అమ్మాయిని కూడా తయారుచేశాడు. ఆమె అసలు పేరు జీన్ మ్యూనిక్, ఇండియానాలోని పారిశ్రామిక పట్టణంలో పెరిగింది. ఆమెను కెంటకీ కొండల పిల్లగా చూపి, తలకు ఎండ టోపీ కట్టి, తల్లి మీద, పాత ఇంటి మీద దిగులుపాటలు పాడించాడు. 1935లో చాలా చిన్న వయసులోనే ఆమె చనిపోయింది. ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే లులూ బెల్ చేసిన పని తెలుస్తుంది. లిండా పార్కర్ పాత్రలో ఆడపిల్ల కదలకుండా నిలబడి పోగొట్టుకున్నదాని కోసం పాడుతుంది. లులూ బెల్ పాత్రలో ఆడపిల్ల మాటకు మాట అంటిస్తుంది, పక్కవాడి పాట మధ్యలో దూరుతుంది, మొగుణ్ని ఆటపట్టిస్తుంది, అయినా అందరూ ఆమె వైపే ఉంటారు. వేషం ఇచ్చింది లెయిరే కావచ్చు. ఆయన 1937లో డబ్ల్యూఎల్ఎస్ వదిలి వెళ్లాక కూడా అది ఇరవై ఏళ్లు నడిచిందంటే, నడిపింది ఆమె.

రేడియోలో కనపడని అల్లరి ఎలా పనికొచ్చిందన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే సంగతి. బార్న్ డాన్స్‌లో కళాకారులందరూ గడ్డిమోపుల మీద స్టేజీ పైనే కూర్చుని ఉంటారు, తమ వంతు వచ్చినప్పుడు మైకు దగ్గరికి వస్తారు. వేరేవాళ్లు పాడుతుండగా లులూ బెల్ చూయింగ్ గమ్ నములుతూ, బెలూన్ ఊదుతూ ఏదో ఒకటి చేసేది. హాల్లో జనం గొల్లుమనేవారు. ఇంట్లో వినేవాడికి నవ్వు వినపడుతుంది, కారణం తెలియదు. అక్కడేదో జరుగుతోంది, మనం చూడలేకపోతున్నాం అనిపిస్తుంది. ఆ అనిపించడమే 75 సెంట్ల టికెట్ కొనిపిస్తుంది, ఊరికొచ్చిన డబ్ల్యూఎల్ఎస్ బృందం ప్రదర్శనకు బండి కట్టిస్తుంది. ఇందులో ప్రమాదం కూడా ఉంది. నవ్వు పాటలోని మాట మీద పడితే ఇంట్లోవాళ్లకు పాట పోతుంది. కాబట్టి అల్లరి చరణాల మధ్య ఖాళీలో పడాలి, లేదా వెంటనే అనౌన్సర్ ఒక్క ముక్కలో అందుకుని చెప్పాలి. హాల్లో 1,200 మందికి ఒక ఆట, గాలిలో లక్షలమందికి ఇంకో ఆట, రెండూ ఒకేసారి ఆడటం ఇది.

దీనితోపాటు పాటల కొరత ఒకటి. వాడెవిల్‌లో ఒక్క అంశంతో ఊరూరా తిరిగి ఏళ్లు గడపొచ్చు, ఊరు మారితే జనం కొత్తవాళ్లే. రేడియోలో శనివారం పాడిన పాట వచ్చే శనివారానికి పాతబడుతుంది. వారానికి రెండు మూడు పాటలనుకున్నా ఏడాదికి నూరు దాటతాయి, తెల్లవారుజాము కార్యక్రమాలు అదనం. స్కాటీ ఇక్కడ పనికొచ్చాడు. సొంతూరి చుట్టూ పాత పాటలు సేకరించాడు, దొరకనప్పుడు రాశాడు. జానపద గాయకుడు బాస్కమ్ లమార్ లన్స్‌ఫర్డ్ దగ్గర ఒక సారాపాట హక్కులు బస్సు ఛార్జీకి సరిపడా పాతిక డాలర్లకు కొన్నాడని ప్రతీతి. ఆస్పత్రిలో ఉండగా భార్య చూడటానికి వచ్చిన సందర్భంలో స్కాటీ రాసిన ప్రేమపాటను 1945లో జీన్ ఆట్రీ, తర్వాత బింగ్ క్రాస్బీ, 1957లో ఎల్విస్ ప్రెస్లీ రికార్డు చేశారు. 1971లో స్కాటీకి నాష్‌విల్ పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. న్యాయమే. పాట కాగితం మీద మిగులుతుంది, రాసినవాడి పేరు మిగులుతుంది. ఆ పాటను పదిలక్షల ఇళ్లకు మోసిన గొంతుకు అలాంటి కాగితం లేదు.

ఎందుకు మిగల్లేదు

వాళ్లు రికార్డులు చేయలేదని కాదు. సియర్స్ కేటలాగులో అమ్మే కాంకరర్ లేబుల్ మీద చేశారు, 1946లో వోగ్ వాళ్ల బొమ్మల రికార్డుల మీద చేశారు, 1960లలో స్టార్‌డే మీద చేశారు. అవేవీ పెద్ద అమ్మకాలు కావు. పైగా స్టార్‌డే రికార్డుల్లో వినిపించేది రేడియో వదిలేశాక పాడిన గొంతు. వాటిని విని ‘ఇంతేనా’ అనుకునేవాళ్లను చాలామందిని చూస్తాం. అల్లరి, జనం నవ్వు, పక్కవాడి చమత్కారం లేని మూడు నిమిషాల పాట అది. ఆమె బలం ఆ తీసేసిన భాగంలో ఉంది.

మరి రేడియో ప్రసారాలో? ప్రత్యక్షంగా వెళ్లినవి గాలిలోనే పోయాయి. కొన్ని మాత్రం 16 అంగుళాల ట్రాన్‌స్క్రిప్షన్ డిస్కుల మీద, అంటే రేడియో కోసం కోసిన పెద్ద రికార్డుల మీద, ఉన్నాయి. ఒక్కో వైపు పావుగంట. ఇవి చేతికొస్తే చేసే తప్పులు చాలా ఉన్నాయి. వేగం నిమిషానికి 33⅓ చుట్లే కదా అని మామూలు ఎల్‌పీ సూది పెడతారు. ఈ డిస్కుల గాడి వెడల్పు పాత 78 రికార్డుల గాడికి దగ్గరగా ఉంటుంది. సన్నటి ఎల్‌పీ సూది గాడి అడుగున పొర్లి గరగర తప్ప పాట తీయదు, గాడినీ గీరేస్తుంది. రెండున్నర మిల్స్, అంటే అంగుళంలో వెయ్యోవంతులు రెండున్నర, ఉన్న సూది కావాలి. కొన్ని డిస్కులు లోపలినుంచి బయటికి మొదలవుతాయి. కొన్నిటి గాడి పక్కకు కాక లోతుకు కోసి ఉంటుంది, దానికి సూది బిగించే కార్ట్‌రిడ్జ్ తీగలు వేరేగా కలపాలి. లక్క పూతవైతే ఏళ్లు గడిచేకొద్దీ తెల్లటి జిడ్డు పైకి తేలుతుంది, పూత పెచ్చులూడుతుంది. ఒకసారి పెచ్చు లేస్తే ఆ పావుగంట పోయినట్టే. యుద్ధకాలంలో అల్యూమినియం కరువై అద్దం మీద పూత వేశారు, అవి చెయ్యి జారితే ముక్కలు. అందుకే ముందు కడిగించి, కుదిరితే ఒక్కసారే ప్లే చేసి డిజిటల్‌లోకి ఎక్కించడం పద్ధతి. 1944లో బార్న్ డాన్స్ మీద వచ్చిన సినిమాలో ఆమెను చూడొచ్చు గానీ, అది హాలీవుడ్ రాసిన మాటల్లో బిగించిన లులూ బెల్.

రెండో కారణం భూగోళం. కంట్రీ అంటే నాష్‌విల్ అని స్థిరపడింది 1950లలో. బార్న్ డాన్స్ చికాగోది. 1960లో ఏబీసీ నెట్‌వర్క్ చేతికి పూర్తిగా వచ్చిన డబ్ల్యూఎల్ఎస్ మే 2న రాక్ పాటలకు మారింది, ఆ స్టేషన్‌లో పాత కార్యక్రమం అక్కడితో సరి. చరిత్ర రాసే ఊళ్లో ఆమె తరఫున మాట్లాడే స్టేషన్ మిగల్లేదు. నాష్‌విల్ రేడియో కార్యక్రమమైన గ్రాండ్ ఓల్ ఆప్రీలో 1940 నవంబరులో అడుగుపెట్టిన మిన్నీ పెర్ల్‌తో పోల్చండి. ఆమె కూడా పల్లెటూరి వేషంలో నవ్వించిన రేడియో కళాకారిణే, ఆమె కూడా రికార్డుల మీద బతకలేదు. ఆమెకు 1975లోనే హాల్ ఆఫ్ ఫేమ్ దక్కింది, దక్కాల్సిందే. అంటే హాస్యం అడ్డు కాదు, రికార్డులు లేకపోవడమూ అడ్డు కాదు. మిన్నీ పెర్ల్ స్టేషన్ నాష్‌విల్‌ది, ఇప్పటికీ నడుస్తోంది. లులూ బెల్‌కు లేనిది అది.

1958లో దంపతులు చికాగో వదిలి స్కాటీ సొంత ప్రాంతమైన స్ప్రూస్ పైన్ చేరారు. 1975 నుంచి 1978 దాకా రెండు విడతలు ఆమె డెమొక్రాట్‌గా నార్త్ కరొలైనా శాసనసభలో ఉంది. 1981లో స్కాటీ పోయాడు, 1999 ఫిబ్రవరి 8న ఆమె.

హాల్ ఆఫ్ ఫేమ్ నిబంధనల్లో ఆమెకు దారి మూసి లేదు. జాతీయ స్థాయిలో పేరొచ్చి నలభై ఏళ్లు దాటినవాళ్లకు వెటరన్స్ అని వేరే విభాగం ఉంది, ఏటా మామూలుగా ఒక్కరు. ఎన్నుకునేది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ నియమించే, పేర్లు బయటపెట్టని బృందం. 2025లో ఆ చోటు జూన్ కార్టర్ క్యాష్‌కు వెళ్లింది. ఆమె కూడా చిన్నప్పటినుంచి రేడియోలో పాడి నవ్వించినదే, ఆ లెక్కన ద్వారం ఇటువైపు కొంచెం తెరుచుకున్నట్టే. కంట్రీ రేడియోకు విడిగా ఇంకో హాల్ ఆఫ్ ఫేమ్ 1974లో పుట్టింది గానీ అది రికార్డులు తిప్పే డిస్క్ జాకీల కోసం, ఆ తర్వాత స్టేషన్ అధికారుల కోసం. మైకు ముందు నిలబడి పాడి రేడియోను నింపినవాళ్లు అందులో పట్టరు. కాబట్టి ఆమెకు మిగిలింది వెటరన్స్ విభాగమే. అక్కడ ఓటేసేవాళ్ల ముందు పెట్టాల్సింది 1960ల ఎల్‌పీలు కాదు. 1936 ఓటు ఫలితం, ఎయిత్ స్ట్రీట్ థియేటర్ టికెట్ల లెక్క, డబ్ల్యూఎల్ఎస్ ఉత్తరాల లెక్క, సరైన సూదితో తీసిన ఒక నెట్‌వర్క్ గంట.